తలుపు తట్టని విజ్ఞాన యాత్ర

ప్రయాణం మనిషికి చదువు చెబుతుందని పెద్దలు అంటారు. అందులో సందేహం లేదు. అయితే చదువు కోసం బయలుదేరినవాడు దారిలో ఎలా నడుచుకున్నాడన్నది కూడా ఆ చదువులో భాగమే. ఆ భాగాన్ని మరచిపోతే ఏమవుతుందో నూరేళ్ళ పైబడిన ఒక ఓడ ప్రయాణం మనకు చెబుతుంది.

1899 మే 31న అమెరికాలోని సియాటిల్ రేవు నుంచి 'జార్జ్ డబ్ల్యు. ఎల్డర్' అనే ఆవిరి ఓడ అలాస్కా తీరానికి బయలుదేరింది. ఖర్చు భరించినవాడు రైలు కంపెనీల అధిపతి ఎడ్వర్డ్ హారిమన్. విశ్రాంతి అవసరమని వైద్యులు చెప్పడంతో ఆయన ఈ ప్రయాణం తలపెట్టాడు. తన కుటుంబం ఒక్కటే వెళ్ళి రావడం దేనికని దేశంలో పేరున్న శాస్త్రజ్ఞులను, రచయితలను, చిత్రకారులను వెంటబెట్టుకున్నాడు. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్, ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ వారిలో ఉన్నారు. సిబ్బందితో కలిపి 126 మంది. ఓడలోనే గ్రంథాలయం, సాయంత్రాలు ఉపన్యాసాలు. హారిమన్ పిల్లలు ఐదుగురూ ఆ ఓడలోనే ఉన్నారు. వారిలో ఏడేళ్ళ ఎవరెల్ పెద్దయ్యాక న్యూయార్క్ గవర్నర్ అయ్యాడు. పిల్లలకు ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

ఆ యాత్ర వల్ల కలిగిన మేలును కాదనలేం. రెండు నెలల్లో వారు దాదాపు 9,000 మైళ్ళు తిరిగారు. హిమానీనదాలను కొలిచారు, పటాల్లో లేని ఒక సముద్రపు పాయను కనుగొన్నారు. శాస్త్రానికి అంతవరకూ తెలియని వందలాది జీవజాతులను గుర్తించారు. ఆ వివరాలన్నీ తర్వాత పెద్ద పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి.

తిరుగు ప్రయాణంలో, జూలై చివరి వారంలో, కేప్ ఫాక్స్ అనే చోట ఓడ ఆగింది. అది ట్లింగిట్ ప్రజల గ్రామం. ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. ఇళ్ళ ముందు టోటెమ్ స్తంభాలు నిలబడి ఉన్నాయి. పెద్ద చెట్టు మానుపై పక్షుల, జంతువుల రూపాలు చెక్కి, తమ వంశ చరిత్రను ఆ ప్రజలు అలా నిలబెట్టుకుంటారు. యాత్రికులు ఆ స్తంభాలను దించారు, ఇళ్ళలోని చెక్కడపు కంబాలనూ తీసుకున్నారు, ఓడకెక్కించారు. ఒడ్డున నిలబడి గ్రూప్ ఫోటో కూడా దిగారు. ఆ సొత్తు తర్వాత మ్యూజియాలకు, విశ్వవిద్యాలయాలకు చేరింది.

ఇంతకూ ఆ ఊరివాళ్ళు ఏమయ్యారు? కొన్నేళ్ళ ముందే సాక్స్‌మన్ అనే చోటికి తరలివెళ్ళారు. అక్కడ చర్చి ఉంది, పిల్లలకు బడి ఉంది. బిడ్డల చదువు కోసం కూడా వారు ఇల్లు విడిచారు. చదువు పేరు చెప్పుకుని వచ్చినవారు ఆ ఇంటినే ఖాళీ చేశారు!

ఓడలో తెలివైనవారికి కొదవ లేదు. అయినా యజమానిని వెతికి అడుగుదామన్న ఆలోచన నెగ్గలేదు. వదిలేస్తే ఆ కొయ్య వానకు పుచ్చిపోయేది, మ్యూజియంలో భద్రంగా ఉంది కదా అని కొందరు వాదించవచ్చు. భద్రపరచడం మంచిదే. కానీ ఒకరి వస్తువు మన దగ్గర ఉంటే అది అమానతు. అమానతు విషయం సొంతదారుకు చెప్పాలి, అడిగిననాడు తిరిగి ఇవ్వాలి. చెప్పకుండా అట్టేపెట్టుకున్నదాన్ని ఏమంటారో మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు.

తిరిగి ఇవ్వడానికి 102 ఏళ్ళు పట్టింది. ఆదివాసుల పవిత్ర వస్తువులను, ఉమ్మడి సొత్తును తిరిగి ఇవ్వాలని అమెరికా 1990లో చట్టం చేసింది. 2001లో స్మిత్ కాలేజీ పూనుకుని పాత దారిలోనే మరో యాత్ర నడిపింది. ఆ ఏడాది జూలైలో, మ్యూజియాలు అప్పగించిన స్తంభాలు కేప్ ఫాక్స్ సంతతి చేతికి చేరాయి. వారు వాటిని తీసుకుని ఊరుకోలేదు. మ్యూజియాలకు దేవదారు మానులు కానుకగా ఇచ్చారు. హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియానికి అందిన మానును నేథన్ జాక్సన్ అనే ట్లింగిట్ శిల్పి కొత్త స్తంభంగా చెక్కాడు. అడిగి ఉంటే ఆనాడే ఇచ్చేవారేమో! ఇప్పుడా మ్యూజియంలో ఉన్నది ఇష్టపడి ఇచ్చిన వస్తువు. దాని ముందు నిలబడి చదువుకునే విద్యార్థి తలవంచుకోనక్కరలేదు.

మన పిల్లలు కూడా నేడు సెలవుల్లో విజ్ఞాన యాత్రలకు వెళుతున్నారు. వెళ్ళనివ్వాలి, మగపిల్లలనే కాదు, ఆడపిల్లలనూ పంపాలి. అయితే వెంట ఏమి సర్దుతున్నాం? బట్టలు, మందులు, కెమెరా ఉన్న ఫోను. పరాయి ఇంటి గుమ్మం ముందు ఆగి సలాం చెప్పాలని, ఇజాజత్ లేనిదే లోపలికి అడుగుపెట్టరాదని, లోపల ఎవరూ లేకపోతే వెనుదిరగాలని ఇంట్లో నేర్పుతాం. ఆ అదబు మన వీధి చివరతో అయిపోకూడదు. గిరిజన గూడెంలో ముసలవ్వ ఫోటో తీసేముందు ఆమెను అడగాలి. శిథిలమైన కోటలో రాయి ముక్కను జేబులో వేసుకోకూడదు.

బిడ్డ ప్రయాణానికి బయలుదేరేటప్పుడు "ఏమి చూసి వస్తావు?" అని అడుగుతాం. "ఎవరి ఊరికి వెళుతున్నావు? అక్కడ ఎవరిని అడగాలి?" అని కూడా అడుగుదాం. ఆ జవాబు తెలిసిన పిల్లలు ఎంత దూరపు తీరానికి వెళ్ళినా మనకు దిగులు ఉండదు.