ముగింపు రాయమంటే మంగళం పాడతారేం?

మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో గుట్టలుగా పడి ఉన్న పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాల్లో ఏదో ఒకటి లాగి, నేరుగా చివరి అధ్యాయం తెరవండి. "మొదటి అధ్యాయంలో కవి జీవిత విశేషాలను పరిచయం చేయడం జరిగింది. రెండవ అధ్యాయంలో కావ్యకథను వివరించడం జరిగింది." ఇలా ఆఖరిదాకా జరుగుతూనే ఉంటుంది. చిట్టచివర ఒక దండం: "ఈ అంశంపై మరింత పరిశోధన జరగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది." ఏళ్ల తరబడి ఫెలోషిప్ తీసుకుని, వందల పేజీలు టైపు చేయించి, అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించి ఈ మనిషి కనిపెట్టిందేమిటయ్యా అంటే, తన విషయసూచిక!

దీన్ని ముగింపు అనడానికి నాకు నోరు రాదు. నేను చూసింది ఇది, దాన్నిబట్టి తేలింది ఇది, కాదనేవాళ్లు ఆధారాలతో రండి అని పరిశోధకుడు తన పేరు మీద నిలబడాల్సిన చోటు అది. సరిగ్గా అక్కడే మనవాళ్లు వెనక గుమ్మంలోంచి జారుకుంటారు.

అలా నిలబడిన ముగింపు ఎలా ఉంటుందో చూడండి. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు పోయారు. విచారణ సంఘంలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ సభ్యుడు. ఆయన రబ్బరు ముక్కను ఐసునీళ్లలో ముంచి చూపించిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నివేదిక ముగింపు దగ్గర ఆయన పెట్టిన పేచీయే గొప్పది. సిఫార్సులన్నీ అయ్యాక, నాసాకు దేశం అండగా నిలవాలంటూ సంఘం మరో సిఫార్సు చేర్చబోయింది. ఫైన్‌మన్ అడ్డం తిరిగాడు. మనం విచారించింది ప్రమాదాన్ని, ఈ సంగతి మన చర్చకే రాలేదు, సిఫార్సు ఎలా చేస్తాం అన్నాడు. చివరికి అది సిఫార్సుల జాబితా నుంచి జారి, ఆఖరి మాటగా మిగిలింది.

తాను విడిగా రాసింది మాత్రం అనుబంధంగా చేర్పించాడు. అందులో ఆయన ప్రధానంగా పట్టుకున్నది ఒక తేడా. నౌక కూలే అవకాశం వందలో ఒకటన్న అంచనా ఇంజనీర్ల దగ్గర దొరికింది, లక్షలో ఒకటన్నది యాజమాన్యం దగ్గర. లక్షలో ఒకటంటే రోజుకొకటి చొప్పున మూడు వందల ఏళ్లు ఎగరేసినా ఒక్కటే పోవాలి! ఆ లెక్క చూపించి, యాజమాన్యం తన యంత్రం గురించి ఊహాలోకపు గొప్పలు పోతోందని ముగింపులో తేల్చేశాడు. ఎవరు, ఏం చేశారు, ఎంత తేడా: మూడూ ఉన్నాయి. "జరిగింది" చాటున ఎవరూ దాక్కోలేదు.

మన దగ్గరో? ఏ అధ్యాయంలోనూ మరో కవితో పోల్చి చూసిన పాపాన పోరు, ముగింపులో మాత్రం "ఈ కవి తెలుగు సాహిత్యాకాశంలో ధ్రువతార" అని తీర్పు ఇచ్చేస్తారు. ఎప్పుడు కొలిచావు నాయనా?

ఇంతకంటే ప్రభుత్వ కమిటీలే నయం. ప్రత్యేక తెలంగాణ విషయం పరిశీలించడానికి వేసిన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరులో ఇచ్చిన నివేదికపై తెలంగాణ ఉద్యమకారులు దుమ్మెత్తిపోశారు. అయినా ఆ కమిటీ ఆరు మార్గాలు చెప్పి ఊరుకోలేదు. ఆరోది, అంటే రాష్ట్రాన్ని కలిపే ఉంచి తెలంగాణకు ప్రాంతీయ మండలి ఇవ్వడం, మేలంది. కాకపోతే ఐదోది, హైదరాబాదు రాజధానిగా తెలంగాణ, అంది. తిట్టడానికైనా అందులో ఒక మాట దొరికింది. మన సిద్ధాంత గ్రంథాన్ని తిడదామన్నా పట్టు దొరకదు.

ఇలా ఏదీ తేల్చకుండా వదిలేయడాన్ని వినయం అంటారు కొందరు గైడ్లు. వినయమూ కాదు, వల్లకాడూ కాదు. వైవా గట్టెక్కాలన్న భయం. నిజంగా వినయమే ఉంటే ఏ తాళపత్ర ప్రతిని చూడలేకపోయావో, ఏ జిల్లాకు వెళ్లలేదో, అందువల్ల నీ నిర్ణయంలో ఏ భాగం తప్పయ్యే వీలుందో రాయి. తరవాత వచ్చేవాడికి అదే దారి. "మరింత పరిశోధన" అని గాలిలోకి వదిలితే ఎవడు పట్టుకుంటాడు?

పరీక్షకులారా, మీ బల్ల మీదికి ఈసారి సిద్ధాంత గ్రంథం వస్తే ముందు చివరి అధ్యాయం చదవండి. అందులో ఎవరైనా కాదనగల వాక్యం ఒక్కటైనా లేకపోతే సంతకం పెట్టకండి. తిప్పి పంపండి.