నడత సర్టిఫికేటు ఎవరికి ఎవరు ఇయ్యాల?

పరీక్ష పాసైన పిల్లోడు నవ్వుకుంటా రావాల. మొన్న బత్తలపల్లె బస్టాండులో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన పిల్లోడి ముఖంలో నవ్వు లేదు. చేతిలో మడతలు పడిన ఒక ఫారం ఉంది. అటెస్టేషన్ ఫారం అంటారు దాన్ని. పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు అన్నీ నింపినాడు. ఒక్క గడి కాడ మాత్రం పెన్ను ఆగిపోయింది. నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేసినారా, నీ మీద కేసు నడిచిందా, ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉందా అని అడిగే గడి అది.

"లేదని రాస్తే సరిపోదా అన్నా? అందరూ అట్లే రాయమంటాండారు" అన్నాడు.

కేసు ఏందని అడిగితే చెప్పినాడు. ఊర్లో బోరింగు కాడ నీళ్ళ గొడవ. వాళ్ళ నాయనను కులం పేరు పెట్టి తిట్టినారు, కొట్టినారు. నాయన స్టేషనుకు పోయి అట్రాసిటీ కేసు పెట్టినాడు. తెల్లారేసరికి అవతలోళ్ళు ఎదురు కేసు పెట్టినారు. అందులో ఈ పిల్లోడి పేరు మూడోది. గొడవ జరిగిన పూట వీడు అనంతపురంలో కోచింగు సెంటర్లో కూర్చోనుండాడు. అయినా పేరు ఎక్కింది. ఎందుకెక్కింది? ఆ వాడలో చదువుకున్నోడు వాడే కాబట్టి. రేపు ఉద్యోగం వచ్చేటట్టు కనపడేది వాడే కాబట్టి.

ఇది ఒక్క పిల్లోని కథ కాదు. మేము తిరిగే ప్రతి పల్లెలో ఇట్లాంటి ఫారం ఒకటి మడతలు పడి ఉంది. వాన రాని నేల మనది. శెనక్కాయ పంట నమ్ముకున్నోళ్ళు అప్పులపాలైనారు. కూలికి బెంగుళూరికి పోయేవాళ్ళు పోతానే ఉండారు. ఇట్లాంటి చోట దళిత కుటుంబానికి గవర్నమెంటు ఉద్యోగమంటే నెల జీతం ఒక్కటే కాదు. ఆ ఇంటికి ఇంకొకరి ఎదుట చేయి కట్టుకోని నిలబడే పని తప్పుతుంది. అందుకే దాని మీద దెబ్బ వేస్తారు. ఇప్పుడు కర్ర అవసరం లేదు. ఎఫ్.ఐ.ఆర్.లో ఒక పేరు చాలు.

మన నడతను ఎవరు తూచినారు?

మన నడత బాగుందో లేదో చెప్పే హక్కు ఇన్నాళ్ళూ ఎవరి చేతిలో ఉండింది? ఒకప్పుడు మునసబు, కరణం చేతిలో ఉండింది. ఆ వంశపారంపర్య పదవులను 1984లో రద్దు చేసినారు. అంతకు ముందు తెల్లదొరలు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి, పుట్టిన బిడ్డ కన్ను తెరవక ముందే దొంగ అని రాసినారు. ఎరుకల వాళ్ళ మీద ఆ ముద్ర ఎట్లా పడిందో మన సీమలో పెద్దోళ్ళను అడిగితే చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయింది, చూపు పోయిందా? వాడలో ఏ గొడవైనా మొదట ఎవరి ఇంటికి జీపు వస్తుందో అందరికీ తెలుసు.

వెరిఫికేషనే వద్దని మేము అనడం లేదు. తుపాకి చేతికిచ్చే ఉద్యోగానికి, పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగానికి మనిషి ఎట్లాంటివాడో చూడాల్సిందే. ఆడపిల్లను చెరిచినవాడు, లంచం తిన్నవాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. మేము అడిగేది ఒక్కటే. ఆత్మగౌరవం కోసం నిలబడినందుకు పడిన కేసునూ, దొంగతనం కేసునూ ఒకే తక్కెడలో వేసి తూచొద్దు.

రాజీ అనే ఎర

పోలీసు వెరిఫికేషన్ మాట వినపడగానే ఊర్లో పెద్దమనుషులు వాడకు వస్తారు. ఎప్పుడూ రానోళ్ళు అరుగు మీద కూర్చుంటారు. "మీవాని బతుకు మాకు మాత్రం ముద్దు కాదా? మీ కేసు మీరు వదులుకోండి, మా కేసు మేము వదులుకుంటాం. మీవాని ఉద్యోగం నిలబడుతుంది" అంటారు. తల్లి ఏడుస్తుంది. తండ్రి తల వంచుతాడు. సాక్షులు కోర్టులో మాట మారుస్తారు. అట్రాసిటీ కేసు కొట్టేస్తారు.

ఈ మాటలో ఉన్న మోసం మనోళ్ళకు తెలియాల. 1989 నాటి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు రాజీ పెట్టుకోవడానికి వీలున్నవి కావు. రాజీ అంటే మన సాక్షి అబద్ధం చెప్పడమే. మరి అవతలి కేసు రాజీలో కొట్టేసినా అది లేకుండా పోతుందా? పోదు. ఎప్పుడైనా అరెస్టు చేసినారా, కేసు నడిచిందా అని అడిగే ఫారంలో కొట్టేసిన కేసు కూడా రాయాల్సిందే. పైగా పోలీసు ఉద్యోగాల విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. సాక్షులు అడ్డం తిరిగినందువల్ల కొట్టేసిన కేసును పూర్తి నిర్దోషి తీర్పుగా చూడనక్కరలేదంది. అంటే రాజీ కోసం మనం మన కేసును చంపుకుంటాం, ఆ పిల్లోని ఫారంలో మచ్చ మాత్రం అట్లే ఉంటుంది. బేరంలో ఇచ్చింది మనం, పుచ్చుకున్నది వాళ్ళు.

దాస్తే ఏమవుతుంది?

మరి "లేదు" అని రాస్తే? అట్ల రాయొద్దని ఆ పిల్లోనికి చెప్పినాం. అందరికీ అదే చెబుతాం.

దాచడం మనకు ఈ దేశం నేర్పిన పాఠం. బెంగుళూరులో అద్దె ఇంటి కోసం కులం దాస్తాం. 1917లో పరదేశంలో పెద్ద చదువులు చదివొచ్చిన అంబేడ్కర్‌కు బరోడా పట్నంలో ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకోని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకోని వచ్చి వెళ్ళగొట్టినారు. ఆయన అంతటి మనిషినే దాపరికం కాపాడలేకపోయింది. మనల్ని కాపాడుతుందా?

ఆ రోజుల్లో స్టేషను పుస్తకం స్టేషన్లోనే ఉండేది. ఇప్పుడు దేశంలోని స్టేషన్లను కలుపుతూ సి.సి.టి.ఎన్.ఎస్. అనే కంప్యూటరు ఏర్పాటు ఉంది. కోర్టు కేసులు పేరు కొట్టి చూస్తే సెల్లుఫోన్లోనే కనపడతాయి. దాచిన కేసు ఎట్లాగూ బయటపడుతుంది. అప్పుడు కేసు చిన్నదా పెద్దదా అని అడగరు. "అబద్ధం రాసినావు" అంటారు. గెలిచే కేసు ఉన్నోడు కూడా ఆ అబద్ధం దగ్గర ఓడిపోతాడు.

చట్టం మన పక్కన ఎంతవరకు ఉంది? 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు సుప్రీంకోర్టు జడ్జీలు ఈ సంగతంతా తేల్చి చెప్పినారు. ఫారంలో నిజం రాయాల. అడిగిన దానికే జవాబు చెప్పాల, అడగనిది రాయలేదని తప్పు పట్టకూడదు. చిన్న వయసులో నినాదాలు ఇచ్చినందుకు పడిన కేసు, చిన్నాచితకా నేరం లాంటివాటిని దాచినా అధికారి మన్నించొచ్చు. తెలియని కేసును దాచినావని అనడానికి వీల్లేదు. ఏ నిర్ణయమైనా కేసు తీరు, ఉద్యోగం తీరు చూసి తీసుకోవాల. అంతకు ముందే 1983లో, మన హైకోర్టులో జడ్జిగా పనిచేసి సుప్రీంకోర్టుకు పోయిన చిన్నప్పరెడ్డి గారు మధ్యప్రదేశ్ మాస్టరు ఒకరి కేసులో గట్టి తీర్పు ఇచ్చినారు. వెనకటి రాజకీయాల మీద పోలీసులు రాసిన రిపోర్టు పట్టుకోని మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం కుదరదన్నారు. ఆ మాస్టరు రాజకీయం మన రాజకీయానికి పూర్తిగా ఎదురు. అయినా ఆ తీర్పు మనకూ అక్కరకు వస్తుంది. సంఘం మీటింగుకు పోయినావు, ధర్నాలో కూర్చున్నావు అన్నది అనర్హత కాదు.

ఒక చేదు మాట కూడా చెప్పాల. నిజం రాస్తే ఉద్యోగం ఖాయం అని మేము మాట ఇవ్వలేం. నిజం రాసినా, తీవ్రమైన కేసు ఉంటే కాదనే అధికారం అధికారికి ఉంది. పోలీసు ఉద్యోగానికి గట్టిగానే చూస్తారు. కానీ నిజం రాసినోడు కాదన్నప్పుడు కోర్టు మెట్టెక్కి "ఎందుకు కాదన్నారు?" అని నిలదీయగలడు. అబద్ధం రాసినోని నోరు అక్కడే సగం మూతపడుతుంది.

ఫారం రాకముందే చేయాల్సిన పని

ఉద్యోగం కోసం పుస్తకాలు చదివినట్టే ఈ ఫారం కోసం కూడా తయారు కావాల. నోటిఫికేషన్ వచ్చిన రోజే మొదలుపెట్టాల.

ఒకటి. నీ పేరు మీద ఏ కేసులు ఉన్నాయో ముందే తెలుసుకో. కోర్టుల వెబ్‌సైటులో పేరు కొట్టి చూడు. స్టేషన్లో చెప్పకుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల.

రెండు. కాగితాలు కూడబెట్టు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఛార్జిషీటు, బెయిలు ఆర్డరు, తీర్పు ఉంటే తీర్పు నకలు తీసిపెట్టు. ఎదురు కేసు అయితే ముందు మనం పెట్టిన అట్రాసిటీ కేసు ఎఫ్.ఐ.ఆర్. కూడా పక్కనే పెట్టు. రెండింటి తేదీలూ గంటలూ చూస్తే ఏది ముందో, ఏది కక్షతో పెట్టిందో ఎవరికైనా తెలుస్తుంది. ఆ రోజు నువ్వు ఊర్లో లేకుంటే కోచింగు హాజరు, బస్సు టికెట్టు, ఏదున్నా దాచిపెట్టు. దాచాల్సింది కేసును కాదు, కాగితాన్ని.

మూడు. "ఒప్పుకోని జరిమానా కట్టి పో" అంటే ఒప్పుకోవద్దు. పేకాటలోనో జాతర గొడవలోనో పట్టుకుంటారు. ఒకపూట పని పోతుందని మనోళ్ళు తల ఊపి జరిమానా కట్టి వస్తారు. నేరం ఒప్పుకోని జరిమానా కట్టడమంటే కోర్టు శిక్ష వేసినట్టే లెక్క. అది జీవితాంతం ఫారంలో రాయాల. బైండోవర్ సంగతీ అంతే. ఎలక్షన్లప్పుడు తాసిల్దారు ముందర సంతకం పెట్టిస్తారు. చాలా ఫారాల్లో దాన్ని కూడా అడుగుతారు.

నాలుగు. గడిలో ఏం అడిగినారో నిదానంగా చదువు. అరెస్టు వేరు, కేసు పెండింగు వేరు, శిక్ష వేరు. ఒక్కోదానికి ఒక్కో జవాబు. గడిలో పట్టకపోతే వేరే కాగితం మీద రాసి జతచెయ్యి. జతచేసిన దానికి నకలు నీ దగ్గర ఉంచుకో.

ఐదు. బతుకుతెరువు కోసం పోయి ఏడాది దాటి ఉన్న ఊర్ల చిరునామాలు కూడా కొన్ని ఫారాల్లో అడుగుతారు. బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి షెడ్డులో ఉన్నా ఆ ఏరియా, ఆ స్టేషను పేరు రాసిపెట్టుకో. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు లోపల పనికి కాంట్రాక్టరు దగ్గర చేరినోళ్ళకూ పోలీసు వెరిఫికేషన్ లేకుండా పాసు రాదు.

ఆరు. ఫారం ఇచ్చేసినాక కేసు పడినా చెప్పాల. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇస్తే చివరి రాతపరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చినాయి. దాదాపు మూడేళ్ళు! ఆ మూడేళ్ళు ఒక పిల్లోని ఉద్యోగం ఊరి చేతిలో ఉన్నట్టే.

ఏడు. పద్దెనిమిది ఏళ్ళు నిండక ముందు పడిన కేసుకు వేరే రక్షణ ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ఆ మచ్చను పెద్దయినాక మోయొద్దంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఒక ఉద్యోగం కేసులో దాన్ని నిలబెట్టింది. ఈ విషయం వకీలుతో మాట్లాడి రాయి. వకీలుకు డబ్బులు లేవని ఆగొద్దు. ఎస్.సి., ఎస్.టి.లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇయ్యాలని 1987 చట్టం చెబుతుంది. కోర్టు కాడ న్యాయ సేవా కమిటీలో అడగండి.

సంఘం చేయాల్సిన పని

ఇదంతా ఒంటరి పిల్లోడు చేయలేడు. స్టేషను గడప తొక్కాలంటేనే మనోళ్ళకు కాళ్ళు వణుకుతాయి. వెరిఫికేషన్‌కు వచ్చిన మనిషికి "టీ ఖర్చులు" ఇయ్యాలని ఊర్లో చెప్పుకుంటారు. ఒక్క పైసా ఇయ్యనక్కరలేదు. అడిగితే సంఘానికి చెప్పండి. నలుగురం కలిసి పోదాం.

మా కార్యకర్తలకు కూడా ఒక మాట. "చదువుకునే పిల్లోళ్ళను ధర్నాలకు పిలవొద్దు, వాళ్ళ ఉద్యోగాలు పోతాయి" అని కొందరు, "ఉద్యోగం కోసం ఉద్యమం వదిలేస్తారా" అని కొందరు వాదులాడుతున్నారు. రెండూ అరకొర మాటలే. పిల్లోని పేరు కేసులో ఎక్కకుండా చూసుకోవాల్సిన బాధ్యత మనది. ఎక్కితే ఆ కేసు తేలేదాకా వాని వెంట నడవాల్సిన బాధ్యతా మనదే. అట్రాసిటీ కేసు పెట్టిన రోజే ఎదురు కేసు వస్తుందని లెక్క వేసుకోవాల. వాడలో లేనివాళ్ళ పేర్లు ఇరికించినారని అప్పుడే ఎస్.పి.కి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాల. 2022లో జిల్లా మారింది, మన బత్తలపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అర్జీ పుట్టపర్తికి పెట్టాల. ప్రతి పల్లెలో ఒక సంచి పెట్టండి. అందులో మనోళ్ళ కేసుల కాగితాలన్నీ ఉండాల. ఆ సంచి మోసేది ఒక ఆడమనిషైతే ఇంకా మంచిది. పోగొట్టరు.

గవర్నమెంటును మేము అడిగేది మూడే. వెరిఫికేషన్ రిపోర్టులో ఫలానా కేసు అట్రాసిటీ ఫిర్యాదుకు ఎదురుగా పెట్టిందా లేదా అన్నది రాయాల. కాదనేముందు పిల్లోణ్ణి పిలిచి వినాల, కారణం కాగితం మీద ఇయ్యాల. ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టాల.

ఆ పిల్లోడు మా ముందరే ఫారం నింపినాడు. "అవును" అని రాసినాడు. కింద నాలుగు లైన్లు రాసినాడు. కేసు నంబరు, తేదీ, తన నాయన పెట్టిన కేసు నంబరు, ఆ పూట తాను ఉన్న చోటు. రాసేటప్పుడు చెయ్యి వణికింది. సంతకం పెట్టేటప్పుడు వణకలేదు. ఉద్యోగం వస్తుందో రాదో ఇంకా తేలలేదు. రాకుంటే వాని వెంట కోర్టుకు మేము పోతాం. మీరూ రండి.

బోరింగు కాడ బిందె పెట్టినందుకు పడిన కేసు మన నడతకు మచ్చ కాదు. ఆ బిందెను తన్నినోని నడతను ఎవరు వెరిఫై చేస్తారో ముందు అది చెప్పండి.

జై భీమ్!