నీలం అక్షరం

మా అక్కయ్య ఫోను చేసిందంటే అసలు సంగతి ఎప్పుడూ చివరనే వస్తుంది. ముందు వూళ్ళో ఎండ, ఆ తర్వాత ఉల్లిపాయల ధర, ఆ పైన ఎవరింటనో నిశ్చయమైన పెళ్ళి. ఇవన్నీ అయి, "ఇంక పెట్టేస్తానురా" అన్నాక అసలు మాట బయట పెడుతుంది. అటువంటి మనిషి, 2023 ఫిబ్రవరిలో ఒకనాటి వుదయం, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "ఒరేయ్ తమ్ముడూ, ఒక్కసారి గూడెం రారా. మీ బావగారు రెండు రోజులనుంచి సరిగా అన్నం తినటం లేదు" అంది.

నా గుండె గుభేలుమంది.

"ఒంట్లో ఎలా వుంది?" అన్నాను.

"ఒంటికేం, రాయిలా వుంది. కంప్యూటరులో నీలం అక్షరం నొక్కితే ఇంకేదో వస్తోందట. అదీ బెంగ."

నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. మా బావగారి సంగతి నాకు తెలుసు. ఏలూరులో బండెక్కాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటుతూంటే కుడి పక్కన, కనుచూపు మేర దాకా చేలు, ఆ వెనక ఎక్కడో కొల్లేరు. ఆ కొల్లేటి వల్లనే వచ్చింది ఈ తంటా అంతా.

బావగారు బడిపంతులుగా రిటైరయ్యారు. పెద్దబ్బాయి అమెరికా వెళ్ళేముందు ఒక కంప్యూటరు కొని ఇచ్చి, తెరమీద వున్న నీలం రంగు ఇంగ్లీషు 'ఇ' అక్షరం చూపించి, "నాన్నా, దీన్ని రెండుసార్లు నొక్కితే చాలు" అని చెప్పి విమానం ఎక్కాడు. అరవై దాటాక నేర్చుకున్న విద్య. తర్వాత యంత్రం మారింది గాని అక్షరం మారలేదు. ఇంటర్నెట్ అంటే ఆయనకు ఆ అక్షరమే. దాని వెనక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరు వుందనీ, దాన్ని తయారు చేసేది మైక్రోసాఫ్ట్ అనే కంపెనీ అనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు.

మరి బెంగ ఎందుకంటే, కొల్లేటి లంక ఒకదానిలో చేపలు పట్టుకుని బతికేవాళ్ళ సంఘానికి ఈయన లెక్కలు రాసిపెడుతూంటారు. జీతం లేదు. అప్పుడప్పుడు ఒక కొరమేను వస్తుంది, అంతే. ఆ సంఘం సభ్యులు నలభైముగ్గురి దరఖాస్తులు నెలాఖరులోగా ఒక ఆఫీసు సైటులో ఎక్కించాలి. ఏ ఆఫీసో చెప్పను. కాగితాలన్నీ సిద్ధంగా వున్నాయి. సంఘం కార్యదర్శి వచ్చి కూచున్నాడు. కాని ఆ సైటు పాత బ్రౌజరులో తప్ప డిజిటల్ సంతకం తీసుకోదు. పాత బ్రౌజరేమో తలుపు తియ్యటం లేదు.

నేను వెళ్ళేసరికి బావగారు కంప్యూటరు ఎదురుగా, రోగి మంచం పక్కన కూచున్నట్టు కూచున్నారు.

"చూడవోయ్" అన్నారు. "అక్షరం అదే. నొక్కితే ఇంకొకరు వస్తున్నారు. పిలిచింది ఒకర్ని, పలికేది ఒకరు."

నొక్కి చూశాను. నిజమే. ఎడ్జ్ అనే కొత్త బ్రౌజరు వచ్చి నిలబడింది. 2022 జూన్ 15న కంపెనీవారు ఎక్స్‌ప్లోరరుకు రిటైర్మెంటు ఇచ్చారు. 2023 ఫిబ్రవరి 14న విండోస్ 10 యంత్రాలలో దాన్ని పనిచెయ్యకుండా కట్టేశారు. గుర్తు తెరమీద వున్నా, నొక్కితే ఎడ్జే తెరుచుకుంటుంది.

"ఎందుకూ? బాగానే పనిచేస్తోందిగా?" అన్నారు బావగారు.

బాగా పనిచెయ్యటం లేదు. ఆయనకు తెలియలేదంతే. భోజనాలయ్యాక ఆ కథంతా చెప్పాను. ఎక్స్‌ప్లోరర్ పుట్టింది 1995 ఆగస్టులో. అదీ సొంతంగా కాదు, స్పైగ్లాస్ అనే కంపెనీ దగ్గర మొజాయిక్ బ్రౌజరుకు హక్కులు తీసుకుని దానిమీద కట్టుకున్నారు. అప్పుడు బజారంతా నెట్‌స్కేప్ వాళ్ళది. మైక్రోసాఫ్ట్‌వారు తమ బ్రౌజరును విండోస్‌తో బాటు ఉచితంగా ఇచ్చేశారు. బియ్యం కొన్నవాడికి ఉప్పు ఊరికే ఇస్తూంటే ఉప్పు అమ్ముకునేవాడు ఏం కావాలి? నెట్‌స్కేప్ దెబ్బతింది. 1998లో అమెరికా ప్రభుత్వం దావా వేసింది. 2000లో జడ్జిగారు కంపెనీని రెండుగా చీల్చమన్నారు. మరుసటి ఏడు పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

ఆ 2001లోనే ఆరవ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. ఆ తర్వాత? ఏడవది 2006లో. అయిదేళ్ళు! పోటీ లేకపోయేసరికి కాళ్ళు బారజాపుకుని పడుకున్నారు.

"ఉప్పుటేరు పూడిపోయిన కొల్లేరన్నమాట" అన్నారు బావగారు.

నాకు తట్టని మాట. తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు తెచ్చి పోస్తూనే వుంటాయి. సముద్రంలోకి పోవటానికి వున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది మూసుకుంటే నీరు నిలుస్తుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. అక్కడా అదే జరిగింది. ఆ నిలవనీటిలో దొంగప్రోగ్రాములు పెరిగాయి. ఆఫీసులవాళ్ళూ, బ్యాంకులవాళ్ళూ తమ సైట్లను ఆ ఒక్క బ్రౌజరుకే, యాక్టివ్‌ఎక్స్ అనే దాని సొంత సరంజామాకే సరిపోయేట్టు కుట్టించుకున్నారు. దక్షిణ కొరియాలో ఈ జాడ్యం మరీ ముదిరి, ఏళ్ళ తరబడి బ్యాంకు పని చేసుకోవాలన్నా ఇదే గతి అయింది. అందుకే కాబోలు, 2022లో ఎక్స్‌ప్లోరరు రిటైరయినప్పుడు అక్కడ గ్యోంగ్జు నగరంలో ఒక ఇంజనీరు దానికి నిజంగా సమాధి రాయి వేయించాడు. మరో బ్రౌజరు తెచ్చుకోవటానికి మహ బాగా పనికొచ్చిందని దానిమీద చెక్కించాడట.

నా మటుకు నేను అంత కఠినంగా మాట్లాడలేను. తెలుగు అక్షరం విండోస్‌లో నిలదొక్కుకున్నది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి అనే ఖతితో. అంతకు ముందూ, ఆ తర్వాత చాలాకాలమూ, పత్రికలు ఎవరి అక్షరాలు వాళ్ళు చేయించుకుని సైట్లలో పెట్టేవి. అవి ఎక్స్‌ప్లోరరులో ముత్యాల్లా కనపడేవి. ఇంకొక బ్రౌజరులో తెరిస్తే పిచ్చిగీతలు. ఏలూరులో ఒక నెట్ సెంటరులో, గంటకింతని డబ్బు పోసి, తెరమీద మొట్టమొదట తెలుగు పేపరు చదివింది నేను ఈ నీలం అక్షరం నొక్కే. ఆ రోజున పక్క బల్లమీదివాణ్ణి కూడా పిలిచి చూపించాను. అటువంటి ముఖం మరిచిపోవటం కష్టం.

"మరి మార్చింది ఎవరు?" అంది అక్కయ్య, వక్కలు కత్తిరిస్తూ.

2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో గూగుల్‌వారి క్రోమ్ వచ్చి జనాన్ని లాక్కుపోయాక గాని వీళ్ళకు మెలకువ రాలేదు. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ కంపెనీకి అధిపతి అయ్యాడు. 2015 జులై 29న, విండోస్ 10తో బాటు, ఎడ్జ్ వచ్చింది.

"నాదెళ్ళా? మనవాడే! యుగంధర్‌గారి అబ్బాయి కదూ?" అంది అక్కయ్య. "ఒక కార్డు ముక్క రాసి పడెయ్యకూడదట్రా, కొల్లేటివాళ్ళ దరఖాస్తులు అయ్యేదాకా ఆగమని?"

తండ్రిగారిది అనంతపురం జిల్లా బుక్కాపురం, అబ్బాయి హైదరాబాదులో పుట్టాడు, మనకు చుట్టరికం లేదు అని చెప్పినా అక్కయ్యకు నచ్చలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, కొత్త బ్రౌజరుకు కూడా మొదట్లో నీలం 'ఇ' గుర్తే పెట్టారు. అలవాటు పడ్డ జనం బెదరకుండా కాబోలు. 2019లో ఆ 'ఇ'ని కెరటంలా మార్చారు. అంతకంటే పెద్ద తమాషా, లోపలి యంత్రం. సొంతంగా కట్టుకున్నది నెగ్గలేదు. దాన్ని పక్కన పడేసి, 2020 జనవరిలో గూగుల్‌వారి క్రోమియం యంత్రాన్నే తెచ్చి బిగించారు.

"పోటీవాడి ఇంజనుతో పడవ నడుపుతున్నారన్నమాట" అన్నారు బావగారు. ఆ సాయంత్రం ఆయన మొదటిసారి నవ్వారు.

నేను నవ్వలేదు. ఇప్పుడు ఆ క్రోమియం గాక మిగిలిన పెద్ద యంత్రాలు ఆపిల్‌వారిదీ, ఫైర్‌ఫాక్స్‌వారిదీ మాత్రమే. నీరు మళ్ళీ ఒకచోటికే చేరుతోంది. గుర్రపుడెక్క రంగు మార్చి రాదని నమ్మకం ఏమిటి?

సరే, నలభైముగ్గురి మాట. వెతగ్గా దారి దొరికింది. ఎడ్జ్ కడుపులోనే పాత ఎక్స్‌ప్లోరర్‌ను దాచి వుంచారు. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫలానా సైటును పాత పద్ధతిలో తెరవమని రాసిపెడితే తెరుస్తుంది. కొత్త మేడ కట్టినా పెరట్లో పాత పొయ్యి వుంచుకున్నట్టు. 2029 దాకా అయినా ఈ ఏర్పాటు వుంచుతామని కంపెనీ మాట ఇచ్చింది. రాత్రి తొమ్మిదింటికి సైటు తెరుచుకుంది. టోకెను పెట్టగానే సంతకం అడిగింది. కార్యదర్శి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, రహస్య సంఖ్య నాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టాడు. మొదటి దరఖాస్తు వెళ్ళింది. పన్నెండు దాటాక నలభైమూడోది వెళ్ళింది. అక్కయ్య అప్పుడు అన్నం వేడిచేసి అందరికీ వడ్డించింది. బావగారు రెండుసార్లు మారు అడిగారు.

ఒక చిక్కు మాత్రం వుంది. అలా రాసిపెట్టిన సైటును అది ముప్పైరోజులే గుర్తుంచుకుంటుంది. మళ్ళీ రాయాలి. ఆ మాట చెబితే బావగారు లేచి వెళ్ళి, గోడనున్న క్యాలెండరు తీసుకొచ్చారు. పాల లెక్కకు అక్కయ్య పెట్టుకున్న సున్నాల పక్కన, నెలకొకటి చొప్పున, డిసెంబరు దాకా లెక్కపెట్టి, నీలం సిరాతో చిన్న 'ఇ' రాసుకున్నారు.