మచ్చకు మందిస్తే చెయ్యి పడిందేం?

ఆమధ్య ఓ తల్లి ఇరవై రెండేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రవాడి ముంజేతిమీద స్పర్శ లేని మచ్చ. కుష్ఠు అని తేల్చి, మందు మొదలుపెట్టి మూడు నెలలైంది. ఇప్పుడా మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేతి దగ్గర నరం తాడులా తగులుతోంది, ముట్టుకుంటే కెవ్వుమంటున్నాడు. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ ముడుచుకుపోతున్నాయి.

"మందు వికటించింది బాబూ! రెండు రోజులుగా మాన్పించేశాను" అందావిడ.

"ఎంత పని చేశారమ్మా! వికటించింది మందు కాదు" అన్నాను. ఇటువంటి సందేహం ఎవరికైనా రావచ్చు గనుక, ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

ఈ రోగపు క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టాడు. దానికి చల్లని తావులంటే ఇష్టం. అందుకే చర్మాన్నీ, చర్మానికి దగ్గరగా పోయే నరాలనూ పట్టుకుంటుంది. క్రిమి ఒకటే అయినా ఒకరికి ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది. మరొకరికి ఒళ్లంతా బుడిపెలు లేస్తాయి. ఎందుకని?

మన ఒంట్లోని రక్షక కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఏ కబురు పంపాలో జన్యువులు నిర్ణయిస్తాయి. 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు రోగుల చర్మపు ముక్కలు తీసి పరీక్షించారు. కొద్ది మచ్చలవారిలో గామా ఇంటర్‌ఫెరాన్ జన్యువు చురుగ్గా ఉంది. "క్రిమిని చంపండి" అనే కబురది. బుడిపెలవారిలో ఇంటర్‌లూకిన్-4, ఇంటర్‌లూకిన్-10 జన్యువులది పైచెయ్యి. ఈ పదోది "ఇక చాలు, శాంతించండి" అంటుంది. క్రిమికి కావలసిందీ అదే!

మన కుర్రవాడిలో "చంపండి" అనే కబురు ఒక్కసారిగా జోరందుకుంది. చర్మంలోనూ అదే కబురు, నరంలోనూ అదే. చర్మం వాచినా దానికి చోటుంది. నరం బిగుతైన తొడుగులో ఉంటుంది. లోపల వాస్తే నలిగిపోతుంది. ఒంటిని కాపాడే పోరే అక్కడ చేటు తెచ్చింది.

కుష్ఠు మందు తిరిగి వేయిస్తూనే, వాపు తగ్గించే ప్రెడ్నిసలోన్ కూడా ఇచ్చాను. నెలలు పట్టింది గాని, ఇప్పుడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు.

మందు వాడుతుండగా నరం నొప్పి, కొత్త తిమ్మిరి, వేళ్లలో పట్టు తప్పడం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. ప్రెడ్నిసలోన్ మాత్రం సొంతంగా కొని వాడకండి.

ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఈ నాలుగు ముక్కలూ మందిచ్చిన నాడే చెప్పవలసినవాణ్ణి నేను.