వారంలో తెల్లదనం... నిజమేనా?

‘వారంలో మచ్చలు మాయం... నేనూ ఇదే వాడుతున్నా!’ ఫోనులో ఓ అమ్మాయి నవ్వుతూ చెబుతుంటే తుంగతుర్తిలో డిగ్రీ చదివే పిల్లయినా, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగిని అయినా ఇట్టే నమ్మేస్తారు. సినిమా తార చెబితే ప్రకటన అని తెలిసిపోతుంది. ఈమేమో పక్కింటి అక్కలా మాట్లాడుతుంది మరి!

ఆ అక్క డబ్బు తీసుకుంటే ఆ మాట చెప్పి తీరాలంటూ కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. ఉచితంగా క్రీము అందుకున్నా సరే, ప్రకటన అని స్పష్టంగా కనిపించాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచేస్తే కుదరదు. తప్పుదోవ పట్టిస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పది లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షలు. విచారించుకునే చెప్పానని నిరూపించుకుంటే మాత్రం బయటపడొచ్చు.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి కిడ్నీ జబ్బు ఎందుకొచ్చిందా అని డాక్టర్లు ఆరా తీస్తే తెలుపు క్రీముల దగ్గర తేలింది. వాటిలో పాదరసం! చాలా డబ్బాల మీద తయారీ వివరాలే లేవు. అందుకే తయారీదారు చిరునామా, బ్యాచ్‌ నంబరు లేని డబ్బా ఎవరు మెచ్చుకున్నా కొనకండి.

కొని మోసపోతే బిల్లు, డబ్బా దాచండి. వీడియోను స్క్రీన్‌షాట్‌ తీసుకోండి, రేపటికి ఉండకపోవచ్చు. 1915కి ఫోన్‌ చేయొచ్చు. కంపెనీ ముంబయిలో ఉన్నా, మీరుండే జిల్లాకు సంబంధించిన వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు ఖరీదు అయిదు లక్షల లోపయితే ఫీజూ లేదు.