వెతికినందుకూ మజూరీ ఇవ్వాలి

కొంపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పాత బొలేరో పికప్‌లు, టాటా 207లు తెల్లారకముందే సామాన్లు మోస్తుంటాయి. మన చాలా ఖాందాన్ల రోజీ అదే. పొద్దున సెల్ఫ్ తిరగకపోతే చాలు, అందరం బ్యాటరీనే ముజ్రిమ్‌ని చేస్తాం.

ఇది నాఇన్సాఫీ. ముందు మీటర్ పెట్టి చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీలో ఛార్జింగ్ ఉన్నట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దాకా రాకపోతే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్‌కీ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్ వైరు తుప్పు పట్టిందో, వదులైందో. గీకి బిగిస్తే పోయేదానికి వేలు పోసి కొత్త బ్యాటరీ కొంటున్నాం.

తప్పు మిస్త్రీ ఒక్కడిదే కాదు భాయ్. గంటసేపు వైర్లు వెతికి మజూరీ అడిగితే "ఏం మార్చావని?" అంటాం. అందుకే అతను ఏదో ఒకటి మార్చి చూపిస్తాడు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే 15 ఆంపియర్ల చోట 30ది పెట్టమని తొందరపెట్టేదీ మనమే. అప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది, బండికే నిప్పంటుకోవచ్చు.

బండి మిస్త్రీ చేతిలో అమానత్. అతని హునర్‌కి హక్కు ఇవ్వడం మన జిమ్మేదారీ. సామానుకే కాదు, ఇల్మ్‌కీ దామ్ కట్టండి. ఇద్దరి రోజీలోనూ బర్కత్ ఉంటుంది, ఇన్షాఅల్లాహ్.