మన కళలు – మన పిల్లలు: ఒకే రాగం, రెండు సన్నాయిలు

పెళ్ళి వీడియో చూస్తూ "అంకుల్, ఆ పొడుగు ట్రంపెట్ ఏమిటి?" అని అడిగే పిల్లలు మన జెద్దాలో చాలామందే ఉన్నారు. అది ట్రంపెట్ కాదు నాయనా, నాదస్వరం. మన ఊళ్ళలో సన్నాయి అనేస్తాం.

సుమారు రెండున్నర అడుగుల కొయ్య గొట్టం, పైన చిన్న పీక, వేళ్ళకు ఏడు రంధ్రాలు. హార్మోనియంలో లాగా ప్రతి స్వరానికీ ఒక మెట్టు ఉండదు. మధ్య స్వరాలన్నీ పెదవుల బిగువుతో, ఊపిరి ఒత్తిడితో పలికించాలి. అందుకే ఈ విద్య పుస్తకంలో దొరకదు. తండ్రి ఎక్కడ ఊపిరి పీల్చాడో, ఎక్కడ పీక బిగించాడో పక్కన కూర్చుని చూడాల్సిందే.

గుంటూరు, ప్రకాశం జిల్లాల ముస్లిం కుటుంబాల్లో ఇది తరతరాలుగా ఇలాగే వచ్చింది. రామాలయంలో కల్యాణానికి సాహెబుగారు వాయించడం అక్కడ ఎవరికీ వింత కాదు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు మొదట తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ మీద మోజుతో తమిళదేశం వెళ్ళి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. మనం ఉద్యోగం కోసం ఊరు వదిలాం, ఆయన సన్నాయి కోసం వదిలారు! 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. ఆయన పక్కన కూర్చుని వాయించిన మనవలు కాసిం, బాబు ఆ బాణీని నిలబెట్టారు.

ఆయన శిష్యులే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు. ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళబ్బాయి ఫిరోజ్ బాబు కూడా అమ్మానాన్నలతో కలిసి వాయిస్తారు. నాన్న ఒక సంగతి వేస్తే అబ్బాయి అందుకోవాలి. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా రెండు సన్నాయిలూ దెబ్బలాడుకుంటాయి. ఇంట్లో పొద్దున ఏం గొడవైనా సరే, అక్కడ మాత్రం నాన్న ముఖంలోకి చూడక తప్పదు.

మన సంగతికొద్దాం. పన్నెండో తరగతి అవగానే పిల్లలు కాలేజీకి ఇండియాకో మరో దేశానికో వెళ్ళిపోతారు. నాన్న ఇక్కడే డ్యూటీలో ఉండిపోతాడు. ఆ లోపు ఇద్దరూ కలిసి కూర్చోవడానికి దొరికేవి కొన్ని శుక్రవారాలే. అందులో సగం షాపింగ్ మాల్‌కి పోతాయి. సన్నాయి అందరిళ్ళలో ఉండదు. కానీ నాన్న చిన్నప్పుడు నాటకంలో విన్న పద్యం, భజనలో వేసిన తాళం, ఉర్సులో నేర్చిన ఖవ్వాలీ ఏదో ఒకటి గుర్తుండే ఉంటుంది.

పిల్లలూ, ఈ శుక్రవారం భోజనాలయ్యాక అడిగి చూడండి. కలిసి నేర్చుకున్నది మన వచ్చే సాంస్కృతిక కార్యక్రమంలో వినిపించండి. తండ్రీకొడుకులు, తండ్రీకూతుళ్ళు ఎవరైనా సరే, పేర్లు కమిటీ వాళ్ళకు ముందుగా ఇవ్వాలి. "నాకు గొంతు బాగాలేదు" అని తప్పించుకునే నాన్నల చేతికి తాళాలిచ్చి స్టేజీ ఎక్కిస్తాం.